జిమ్ రీవ్స్ తర్వాత ఏం వినాలె? కంట్రీ, బ్లూగ్రాస్ క్రిస్మస్ పాటలు తెలిసినోళ్ళు చెప్పండి

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకొని చదవండి. మా డాడీ రైల్వేల ఫిట్టర్, మేం పెరిగిందంతా కాజీపేట రైల్వే క్వార్టర్స్ లనే. డిసెంబర్ ఒకటో తారీఖు వచ్చిందంటే డాడీ అల్మారా మీదికెల్లి టేప్ రికార్డర్ దించుతుండె, పాత బనీను గుడ్డ మీద ఇంత స్పిరిట్ పోసి హెడ్ తుడుస్తుండె, అప్పుడు గాని జిమ్ రీవ్స్ (కంట్రీ అనే అమెరికా పల్లె పాటల గాయకుడు) క్రిస్మస్ క్యాసెట్ పెట్టకపోతుండె. పక్క క్వార్టర్ల ఉండే ఆంగ్లో ఇండియన్ అంకుల్ దగ్గర రికార్డు చేయించుకున్న క్యాసెట్ అది. ఒక దగ్గర టేప్ తెగితే డాడీ బ్లేడుతో కోసి సెల్లో టేపుతో అతికిచ్చిండు, అందుకని 'సిల్వర్ బెల్స్' పాటల ఒక మాట మింగినట్టు వస్తది. ఇప్పుడు ఫోన్ల అసలు పాట విన్నా సరే ఆ మాట కాడికి రాంగనే నా చెవి ఆగుతది.

డాడీ మొన్న మార్చిల పోయిండు. నేను రెండేండ్ల సంది టెనెస్సీ నాక్స్‌విల్ ల ఉంటున్న. ఈ డిసెంబర్ల ఆ 12 పాటలే తిప్పి తిప్పి వింటున్న, ఇంక వేరేది వినబుద్ధి అయితలేదు. పోయిన శనివారం నాష్‌విల్ నుంచి ఐ-40 మీద వస్తుంటే నాక్స్‌విల్ దగ్గర పడ్డంక 89.9 రేడియోల ఒక పాట వచ్చింది, ఫిడేల్ ఉరుకుతుంది, మగాయన గొంతు శానా పైకి పోతది, క్రిస్మస్ వస్తుంది ఇంటికి పోతున్న అన్నట్టు ఉంది పాట. డ్రమ్స్ లేవు. జిమ్ రీవ్స్ కు పూర్తిగా ఉల్టా. కానీ కార్ల ఒక్కన్ని కూసోని ఏడ్చిన అన్నా, డాడీ పోయినప్పటి సంది గంత ఏడ్వలే. ఆ పాట ఏందో, అట్లాంటివి ఇంకేమున్నయో చెప్పండి.

బ్యాంజో_బాబాయ్:
తమ్ముడూ, నాన్నగారి గురించి విని బాధేసింది. నేను మేరీవిల్ లో ఉంటాను, మీకు అరగంట దూరం. మీరు విన్నది నూటికి తొంభై పాళ్ళు 'క్రిస్మస్ టైమ్స్ అ-కమిన్' అయ్యుంటది. బిల్ మన్రో 1951 లో రికార్డు చేశాడు. బ్లూగ్రాస్ అంటే డ్రమ్స్ లేకుండా ఫిడేల్, బ్యాంజో, మాండొలిన్, గిటార్ తో వాయించే కంట్రీ, ఆ పేరే ఆయన బ్యాండ్ పేరు 'బ్లూ గ్రాస్ బాయ్స్' నుంచి వచ్చింది. ఆయనది కెంటకీ, ఆ రాష్ట్రానికి బ్లూగ్రాస్ స్టేట్ అని ముద్దుపేరు.

డ్రమ్స్ లేవన్నారు కదా, ఈసారి వినేటప్పుడు మాండొలిన్ మీద చెవి పెట్టండి. తీగ మీట గానే ఎడం చేతి వేళ్ళు కొంచెం ఎత్తేస్తారు, స్వరం సాగకుండా అక్కడికక్కడే తెగిపోయి 'చక్' అని వస్తది, రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి. చాప్ అంటారు దాన్ని. డ్రమ్ చెయ్యాల్సిన పని అదే చేస్తది, బేస్ ఏమో ఒకటికి మూడుకి కొడతది, ఆ రెండింటి మధ్యలో పాట రైలు చక్రాల్లాగా నడుస్తది. రైల్వే క్వార్టర్స్ లో పెరిగిన మీకు అది తగిలిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

సిగ్నల్_చెట్టు:
ఈ పాట రాసినాయన గురించి చెప్పకుండా ఉండలేను. పేరు టెక్స్ లోగన్. టెక్సాస్ లో పుట్టి ఎంఐటీ లో చదివి న్యూజెర్సీ బెల్ ల్యాబ్స్ లో పనిచేశాడు, పగలంతా లెక్కలు, రాత్రి ఫిడేల్. నేను ఆడియో సాఫ్ట్‌వేర్ లో పనిచేస్తా. గది లోపల మోగినట్టు శబ్దాన్ని కృత్రిమంగా పుట్టించే రివర్బ్ మీద 1961 లో ఒక పరిశోధన పేపర్ వచ్చింది, ష్రోడర్ అండ్ లోగన్, మా ఫీల్డ్ లో అందరూ మొదట చదివేది అదే. ఆ బి.ఎఫ్. లోగన్, ఈ ఫిడేల్ టెక్స్ లోగన్ ఒక్కడే! నాకు ఇది తెలిసిన రోజు ఆఫీసులో పక్క సీటు వాడిని లేపి మరీ చెప్పా. ఆ పేపర్ లో ఉన్న ఫిల్టర్ నేను చేత్తో ఎన్నిసార్లు కోడ్ చేశానో లెక్కలేదు, అదే మనిషి ఊరికి పోతున్నా అని ఫిడేల్ పాట రాశాడంటే ఆ పాట ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది నాకు. ఇంజనీర్ ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చినోళ్ళం ఇక్కడ ఎంతమందిమి ఉన్నాం చెప్పండి.

గల్లీ_గిటార్:
అన్నా తప్పుగా అనుకోవద్దు, నా అభిప్రాయం చెప్తున్నా. జిమ్ రీవ్స్ ని కంట్రీ అని మొదలుపెడితే చెవి దారి తప్పుతుంది. ఆ ఆల్బం లో పల్లె పద్ధతిలో వాయించే ఒంటి ఫిడేల్ లేదు, స్టీల్ గిటార్ లేదు, ఆర్కెస్ట్రా లాగా వయొలిన్ల గుంపు, వెనకాల కోరస్. అది పాప్. రాక్ అండ్ రోల్ వచ్చి కంట్రీ అమ్మకాలు పడిపోతే చెట్ అట్కిన్స్ లాంటి నిర్మాతలు పట్నం వాళ్ళకి నచ్చేలా నున్నగా చేశారు, దాన్నే నాష్‌విల్ సౌండ్ అంటారు. పల్లె గొంతు కావాలంటే స్టాన్లీ బ్రదర్స్, రాల్ఫ్ స్టాన్లీ దగ్గరకి వెళ్ళాలి. 'బ్యూటిఫుల్ స్టార్ ఆఫ్ బెత్లెహేమ్' వినండి. రాల్ఫ్ స్టాన్లీ వర్జీనియా కొండల్లో పెరిగిన మనిషి, వాళ్ళ ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చిలో వాయిద్యాలే ఉండవు, ఒట్టి గొంతులే. ఆ అలవాటు ఆయన పాటలో ఉంటుంది, ముసలి చెట్టు బెరడులా ఉంటుంది ఆ గొంతు.

నాష్‌విల్_అక్క:
గల్లీ తమ్ముడూ, నున్నగా ఉంటే కంట్రీ కాదంటే నేను ఒప్పుకోను. జిమ్ రీవ్స్ మొదట్లో గొంతెత్తి పాడేవాడే, తర్వాత మైక్ కి పెదవులు ఆనించినంత దగ్గరకొచ్చి గొంతు దించాడు. అలా దించి పాడటం తేలికనుకోకు, ఊపిరి కూడా వినపడుతుంది, ఎక్కడా దాక్కోడానికి ఉండదు. మా తాతయ్యకి ఇంగ్లీషు పాటలు తెలీవు, రేడియో సిలోన్ లో జిమ్ రీవ్స్ వస్తే మాత్రం కూర్చుని వినేవారట. ప్రతి మాట విడివిడిగా, తొందర లేకుండా పలుకుతాడు కదా, రైల్వే కాలనీల్లో, చర్చి ఇళ్ళల్లో, మిషన్ స్కూళ్ళల్లో అంతగా నాటుకుపోయాడంటే అందుకే అని నా నమ్మకం.

ఇంకో మాట. ఆ క్రిస్మస్ ఆల్బం 1963 లో వచ్చింది. 1964 జూలై 31 న తన చిన్న విమానం తనే నడుపుకుంటూ వస్తూ వానలో చిక్కుకుని ఇక్కడే బ్రెంట్‌వుడ్ దగ్గర కూలిపోయాడు. అంటే ఆ పాటలు బయటికి వచ్చాక ఆయన చూసింది ఒక్క క్రిస్మసే. మన ఇళ్ళల్లో మాత్రం అరవై ఏళ్ళుగా మోగుతూనే ఉంది.

కాజీపేట_జంక్షన్, మళ్ళీ నాష్‌విల్ వస్తే ఆర్‌సీఏ స్టూడియో బి అనే పాత రికార్డింగ్ స్టూడియో చూడండి. నేను వెళ్ళిన టూర్ లో గైడ్ లైట్లన్నీ ఆపేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు లైట్లు వేసింది. ఎల్విస్ మండు వేసవి ముందు క్రిస్మస్ పాటలు పాడాల్సి వస్తే పండగ వాతావరణం కోసం అవి పెట్టారని చెప్పింది. ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు, ఒక పెద్దావిడ పియానో పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఇక బ్రెండా లీ 'రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ' సంగతి, 1958 లో పాడినప్పుడు ఆమెకి 13 ఏళ్ళు, అది అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100 లో మొదటి స్థానానికి వచ్చింది 2023 డిసెంబర్ లో!

డల్లాస్_దారి:
జిమ్ రీవ్స్ సమాధి టెక్సాస్ లో కార్తేజ్ దగ్గర హైవే పక్కనే ఉంది. ఇక్కడి నుంచి మూడు గంటల లోపే డ్రైవ్. నిలువెత్తు విగ్రహం, చుట్టూ చెట్లు, మేం వెళ్ళినప్పుడు ఇంకెవరూ లేరు. మా అత్తగారు సికింద్రాబాద్ నుంచి వచ్చినప్పుడు ఏం చూస్తారండీ అంటే డిస్నీ వద్దు ఏం వద్దు నన్ను అక్కడికి తీసుకెళ్ళు అన్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, విగ్రహం ముందు నిలబడి 'యాన్ ఓల్డ్ క్రిస్మస్ కార్డ్' మొత్తం మెల్లగా పాడారు. జూన్ నెల, ఎండ మాడిపోతోంది. నేను గొడుగు పట్టుకున్నా.

కాజీపేట_జంక్షన్:
అక్కా, మీ పోస్టు మా అమ్మకు ఫోన్ల చదివి వినిపిచ్చిన. ఒక్క క్రిస్మసే చూసిండట అంటే అమ్మ ఏం మాట్లాడలే కాసేపు. గల్లీ అన్నా, తప్పేం అనుకోలే, మీరు చెప్పింది విన్న. మొదటిసారి రాల్ఫ్ స్టాన్లీ గొంతు నాకు గరుకుగ అనిపిచ్చింది, ఆపేసిన. రాత్రి అంట్లు తోముకుంట మళ్ళ పెట్టిన, అప్పుడు పట్టింది. మా ఊర్ల చర్చిల ఒక ముసలాయన ఉంటుండె, కీబోర్డు రాని రోజు ఆయనే ముందు ఎత్తుకుంటుండె, శ్రుతి లేదు తాళం లేదు కానీ అందరం ఆయన ఎనక పోతుంటిమి. అచ్చం ఆ గొంతే.

డిసెంబర్_చలి:
నాకు పండగ పాట అంటే ఒక్కటే, మెర్ల్ హ్యాగర్డ్ 'ఇఫ్ వి మేక్ ఇట్ త్రూ డిసెంబర్', 1973. ఫ్యాక్టరీలో పని పోయిన తండ్రి, చిన్న కూతురు, ఆ పిల్లకి ఈసారి క్రిస్మస్ ఎందుకు లేదో ఎలా చెప్పాలో తెలియక పాడే పాట. పేరులో క్రిస్మస్ లేదు, గంటలు లేవు, మంచు సంబరం లేదు. రెండేళ్ళ కింద నవంబర్ లో నా జాబ్ పోయింది, హెచ్ వన్ వీసా మీద ఉన్నా, ఇంకో జాబ్ వెతుక్కోడానికి ఇచ్చే 60 రోజులు లెక్కపెట్టుకుంటే అది సరిగ్గా జనవరి మధ్యకి వచ్చి ఆగింది. మా పాపకి నాలుగేళ్ళు, స్కూల్లో అందరూ శాంటాకి లెటర్ రాస్తున్నారని తనూ రాసింది. ఆ లెటర్ నా లాప్‌టాప్ బ్యాగ్ లో పెట్టుకుని ఇంటర్వ్యూలకి తిరిగా. జనవరి 9 న ఆఫర్ వచ్చింది. ఆ నెలంతా కార్లో ఈ పాటే. ధైర్యం చెప్పదు, అంతా మంచే జరుగుతుందని అనదు, డిసెంబర్ గడిస్తే చాలు అంటుంది, నాకు అప్పుడు అంతకన్నా ఎక్కువ చెప్పే పాట వినే ఓపిక లేదు.

నాష్‌విల్_అక్క:
చలీ, పాప లెటర్ దాచి పెట్టు నాన్నా, పెద్దయ్యాక చూపించు.

బొగ్గుబాయి_బిడ్డ:
మాది గోదావరిఖని, మా నాన్న సింగరేణిల చేసిండు. ప్యాటీ లవ్‌లెస్ పేరు ఎవ్వరు చెప్తలేరేంది? 2002 ల 'బ్లూగ్రాస్ అండ్ వైట్ స్నో' అని క్రిస్మస్ ఆల్బం చేసింది. ఆమె తండ్రి కెంటకీ బొగ్గు బాయిల పని చేసి ఊపిరితిత్తుల జబ్బుతోని పోయిండు. నాకు ఇది తెల్సినంక ఆమె పాట పెట్టుకుంటే బాయి దోస్తానం లెక్క అనిపిస్తది. లొరెట్టా లిన్ గూడ బొగ్గు బాయి కార్మికుని బిడ్డనే, కెంటకీనే, ఆమెది 1966 ల వచ్చిన క్రిస్మస్ రికార్డు ఉంది, గది హుషారుగ ఉంటది, పిల్లలతోని ఇనొచ్చు. ప్యాటీది రాత్రి ఒక్కలే కూసోని ఇనేది. నాన్న నైట్ షిఫ్ట్ పోయిన పండుగలు యాదికొస్తయి, అమ్మ గారెలు చేసి నాన్న వాటా గిన్నెల పెట్టి పైన పళ్ళెం మూస్తుండె.

షార్లెట్_అమ్మాయి:
అందరూ ఆల్బమ్స్ చెప్తున్నారు, నేను ఒక ట్యూన్ చెప్తా, 'బ్రేకింగ్ అప్ క్రిస్మస్'. నార్త్ కరోలినాలో సర్రీ కౌంటీ, వర్జీనియా బోర్డర్ దాటితే గాలక్స్, ఆ చుట్టుపక్కల ఊళ్ళది. ఇది బ్లూగ్రాస్ కంటే పాతది, ఓల్డ్ టైమ్ అంటారు, ఫిడేల్, బ్యాంజో రెండూ కలిసి ఒకే ట్యూన్ ని తిప్పుతూ ఉంటాయి, బ్లూగ్రాస్ లో లాగా ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి తన ప్రతాపం చూపించడం ఉండదు. టామీ జారెల్ వాయించింది వెతకండి.

ఆ పేరు ఎందుకంటే, డిసెంబర్ 25 నుంచి జనవరి 6 దాకా రోజుకొక ఇంట్లో పార్టీ చేసేవాళ్ళట, గదిలో మంచాలు కుర్చీలు అన్నీ బయట పడేసి రాత్రంతా డాన్స్, మర్నాడు ఇంకో ఇల్లు. జనవరి 6 ఏంటంటే పాత క్రిస్మస్. 1752 లో ఇంగ్లండ్ తన క్యాలెండర్ ని మార్చేసి, అందులోంచి 11 రోజులు ఎగరగొట్టేసింది కదా, కొండల్లోకి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో కొంతమంది పాత తేదీనే పట్టుకున్నారు. మన దగ్గర క్యారల్ రౌండ్స్ గుర్తొస్తాయి నాకు. మాది ఏలూరు, డిసెంబర్ లో రాత్రి పదింటికి బయల్దేరితే పెట్రోమాక్స్ లైటు, డప్పు, ఒక గిటారు, ప్రతి ఇంట్లో టీ, కేక్, ఎవరో ఒకరింట్లో వేడి వేడి ఉప్మా, తెల్లారి నాలుగింటికి గొంతు పోయి ఇంటికి చేరేవాళ్ళం. మా అమ్మ మిరియాల పాలు పెట్టి తిట్టేది.

ఇంకోటి, ఇదే రాష్ట్రంలో మర్ఫీ అనే ఊళ్ళో 1933 లో జాన్ జేకబ్ నైల్స్ అనే ఆయన ఒక పేద పిల్ల పాడుతుంటే విన్నాడు. ఒక్క ముక్కే వచ్చు ఆ పిల్లకి. పాడిన ప్రతిసారీ పాతిక సెంట్లు ఇచ్చి మళ్ళీ మళ్ళీ పాడించుకుని, ఆ ముక్క పట్టుకుని పాట పూర్తి చేశాడు, 'ఐ వండర్ యాజ్ ఐ వాండర్'. ఈరోజు ప్రపంచంలో పెద్ద పెద్ద క్వయర్లు పాడతాయి దాన్ని. నేను మాత్రం ఎప్పుడు విన్నా ఆ పిల్లే కనపడుతుంది.

పాలకొల్లు_తీగ:
నేను క్రిస్టియన్ ని కాదండి, సంగీతం కోసం చదువుతున్నా ఈ చర్చంతా. మాది పాలకొల్లు కాబట్టి మాండొలిన్ అంటే నాకు మా ఊరి యు. శ్రీనివాస్ గారే, కర్ణాటక సంగీతానికి సరిపడా అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ చేయించుకుని గమకాలు పలికించారు. ఇక్కడ బిల్ మన్రో ది ఎనిమిది తీగలు, రెండేసి జంటగా. శ్రీనివాస్ గారు ఒక స్వరాన్ని ఊపి ఊపి సాగదీస్తారు, మన్రో అదే వాయిద్యం మీద స్వరాన్ని నరికేస్తాడు. బాబాయ్ గారు చాప్ గురించి చెప్పాక మళ్ళీ విన్నా, ఇన్నాళ్ళు అది డ్రమ్మే అనుకున్నా. బెలా ఫ్లెక్ 'జింగిల్ ఆల్ ద వే' 2008 కూడా వినండి, బ్యాంజో మీద క్రిస్మస్ పాటలు, రష్యాలోని తూవా ప్రాంతపు గొంతు పాటగాళ్ళు కూడా ఉంటారు అందులో, గ్రామీ వచ్చింది. చెవులకి వ్యాయామం అది, పండగ రోజు అంట్లు తోముతూ వినేది కాదు.

గల్లీ_గిటార్:
అక్క చెప్పింది రెండు రోజులు ఆలోచించా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జిమ్ రీవ్స్ 'సైలెంట్ నైట్' విన్నా, పదేళ్ళ తర్వాత. ఊపిరి వినపడింది అక్కా. వయొలిన్లు ఇప్పటికీ నాకు ఎక్కువే, గొంతు మీద అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.

బ్యాంజో_బాబాయ్:
కాజీపేట తమ్ముడూ, మా దగ్గర ఒక చర్చి హాల్ లో నెలకి రెండు శనివారాలు జామ్ ఉంటది, అంటే అందరం కలిసి వాయించుకోవడం. గిటార్ వచ్చా? జి, సి, డి మూడు కార్డ్స్ చాలు. గుండ్రంగా కూర్చుంటాం, ఎవరు పాట ఎత్తుకుంటే వాళ్ళదే పెత్తనం, తల ఊపితే నీ వంతు, నీకు రాకపోతే తల అడ్డంగా ఊపు, పక్కోడు అందుకుంటాడు. పాట ఆపాలంటే పాడేవాడు కాలు ఎత్తుతాడు, అది చూసుకోవాలి. రండి.

కాజీపేట_జంక్షన్:
పోయిన అన్నా నిన్న. గిటార్ అయితే ఉంది, కాలేజీల నేర్సుకున్న, తీగలు తుప్పు పట్టినయి, పొద్దుగాల కొత్తయి ఏసిన. హాల్ల పద్నాలుగు మంది ఉన్నరు, అందరు అరవై దాటినోళ్ళే. ఒకాయనకు చేతికి మూడు వేళ్ళే ఉన్నయి, సా మిల్లుల పోయినయట, ఆయన మాండొలిన్ చాప్ నడుస్తుంటే ఇంక దేనికీ చూడాల్సిన అవసరం లేదు. 'క్రిస్మస్ టైమ్స్ అ-కమిన్' ఎత్తుకున్నరు. నేను ఎనక కూసోని మెల్లగ కొడుతున్న, మూడో చరణం కాడ పాడే ఆయన కాలు లేపిండు, నేను చూడలే, అందరు ఆపినంక గూడ నేను ఒక్కన్నే ఒక బారు కొట్టిన. ఆయన నవ్వి, సరే అయితే ఇంకోసారి అన్నడు, నా కోసం మళ్ళ మొదటి నుంచి వాయించిన్రు అందరు.

తర్వాత నువ్వు ఒకటి ఎత్తుకో అన్నరు. నాకు వచ్చింది 'సిల్వర్ బెల్స్' ఒక్కటే. పాడుకుంట పోయి ఆ మాట కాడ, డాడీ టేప్ అతికిచ్చిన కాడ, నాకు తెల్వకుండనే ఆగిన. ఒక్క క్షణమే. ఫిడేల్ ఆయన కావాలనే ఆగిన్ననుకొని ఆ ఖాళీల చిన్న రాగం ముక్క నింపిండు. రెండోసారి వచ్చినప్పుడు ఆ జాగల అందరు ఆగిన్రు.

అమ్మకు వీడియో తీసి పంపిన. నాన్న క్యాసెట్ లెక్కనే పాడినవు బిడ్డా అన్నది. 24 రాత్రి మా దగ్గర తెలుగు వాళ్ళం నాలుగు కుటుంబాలం కలుస్తున్నం, 'శుద్ధరాత్రి' తెలుగుల పాడుతం, ఈసారి ఫిడేల్ ఆయనను గూడ పిలిచిన. వస్తనన్నడు.

బ్యాంజో_బాబాయ్:
నేనూ వస్తా, బ్యాంజో పట్టుకుని, మా ఇంటావిడ పులిహోర చేసి తెస్తానంది. వచ్చే శనివారం జామ్ రెండింటికి. కేపో (గిటార్ మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) కొనుక్కో తమ్ముడూ, చాలా పాటలు బీ శ్రుతిలో పాడతారు వీళ్ళు, నాలుగో మెట్టు మీద పెట్టుకుని నీ జి, సి, డి లే కొట్టుకో.